కల్లంలో తప్పిన లెక్క

నిజం చెప్పాలంటే, రెండో ఏడాదిలో ఐఈఈఈ స్టూడెంట్ బ్రాంచ్‌లో నేను చేరింది రెజ్యూమెలో ఒక లైను కోసమే. మెంబర్‌షిప్ డబ్బులు అడిగితే నాన్న, "దీనివల్ల ఉద్యోగం వచ్చిద్దంట్రా?" అన్నాడు. అది 2021. నల్ల తామర పురుగు దెబ్బకి మా మిరపచేలో పెట్టుబడి కూడా రాలేదు. వస్తుందని చెప్పి డబ్బులు తీసుకున్నాను. నాకు మాత్రం ఏం తెలుసు!

ఐఈఈఈ 1963లో అమెరికాలోని రెండు ఇంజనీర్ల సంఘాలు కలిసి ఏర్పడింది. మన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇంకా పాతది, 1920 నాటిది. సభ్యులైనంత మాత్రాన ఇవేవీ ఉద్యోగం ఇవ్వవు. ఇచ్చేది పని, అదీ జీతం లేని పని. మొదటి ఏడాదంతా నేను బ్యానర్లు కట్టాను. దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

మూడో ఏడాదిలో మా టీమ్ ఎండుమిర్చి తేమ కొలిచే పరికరం ఒకటి చేసింది. పండుకాయలో సగానికి మించి నీరే. ఎండబెట్టి 10–11 శాతానికి తేవాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది, యార్డులో ధర తెగుతుంది. మరీ ఎండితే తూకం పోతుంది. మట్టి తేమ చూసే సెన్సర్‌నే వాడాం. ల్యాబ్‌లో కారప్పొడి మీద బాగానే పనిచేసింది. ప్రత్తిపాడు వైపు ఒక కల్లానికి తీసుకెళ్తే, ఒకే రాశిలో మూడుచోట్ల మూడు అంకెలు చూపించింది. అక్కడి పెద్దాయన ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడు విన్నాడు. "ఇంకా రెండెండలు కావాల నాయనా. మీ మిషనేమంటంది?" అన్నాడు. మిషను చాలంటోంది!

ఆ రాత్రి మా బ్రాంచ్‌కి సలహాలిచ్చే ఒక సీనియర్ ఇంజనీర్‌గారికి ఫోన్ చేశాను. ఆయనా వాలంటీరే. తిడతారనుకున్నా. "అంకెలు రాసుకున్నారా?" అని మాత్రం అడిగారు. రాసుకోలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాం. కాయలు తూచి, ల్యాబ్ ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచి పట్టిక వేశాం. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కాయ లోపల డొల్ల. సెన్సర్ పుల్లకి ఒకచోట తొక్క తగులుతోంది, ఇంకోచోట గాలే. కాయల్ని నలిపి, ఒకే తూకం తీసుకుని, డబ్బాలో నొక్కిపెట్టి కొలిస్తే తేడా తగ్గింది. అమ్ముకునేంత పరికరం మాత్రం కాలేదు.

ఆ పట్టిక చూసే ఆయన నన్ను తనకు తెలిసినచోట ఇంటర్న్‌షిప్‌కి పంపారు. తర్వాత ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్లు ఎవరూ తిప్పి చూడలేదు. "నువ్వు చేసింది తప్పని ఎప్పుడైనా తెలిసిందా? అప్పుడేం చేశావ్?" అని అడిగారు. కల్లం కథ పది నిమిషాలు చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

అన్నట్టు, ఆ ఏడాది ట్రెజరర్‌ని కూడా నేనే. కల్లానికి వెళ్లిన ఆటోకి బిల్లు తీసుకోలేదు, 400 రూపాయలు నా జేబులోంచే పోయాయి. లెక్కలు రాయడం అలా వచ్చింది. ఈ పోస్టుకి మన దగ్గర ఎవరూ చెయ్యెత్తరు. ఈ ఏడూ ఖాళీగానే ఉంది.