కామ్ చక్రమున ఒక పన్ను తేడా

మోటారు సైకిలు ఇంజను పనిచేయు విధమును మన విద్యార్థులు భౌతికశాస్త్ర పాఠములలో చదివియే యున్నారు. పీల్చుట, నొక్కుట, మండుట, వదలుట అను నాలుగు పనులు వరుసగా జరుగుననియు, క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక ఆవృత్తి పూర్తియగుననియు పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారే. అయితే ఆ పాఠములోని పటమున కవాటములు పిస్టన్ సరిగ్గా పై కొసనో క్రింది కొసనో ఉన్నప్పుడు తెరచుకొని మూసికొనునట్లు చూపబడును. నిజమైన ఇంజనులో ఏ కవాటమును అట్లు చేయదు. పటమునకును ఇంజనునకును గల ఈ భేదమంతయు కామ్ అనబడు చిన్న ఉక్కు ముక్క ఆకారములో ఇమిడియున్నది.

తెలుగు బోధించువారికి ఇంజనుతో ఏమి పనియని కమిటీ పెద్దలు అడుగవచ్చును. మా తరగతిలో కూర్చుండు ఒక బి.ఎస్‌సీ. విద్యార్థి సాయంకాలములందు ఒక మోటారు షెడ్డులో పనిచేయుచుండెను. ఆ సంగతి తోటివారికి తెలియనీయలేదు. వ్యాసముల నోటుబుక్కు అంచున అంటిన నల్లని నూనె వేలిముద్రను చూచి మేము అడుగగా, తలవంచుకొని చెప్పెను. తండ్రిగారు బట్టల మూటలు కట్టుకొని సంతలకు తిరుగు వ్యాపారి. ఆయన బండి 500 సి.సి. బుల్లెట్. ఇంజను విప్పి బిగించిన తరువాత అది మునుపటివలె బరువు లాగుట లేదు. ఒక షెడ్డువారు కార్బురేటర్ మార్చిరి. మరియొకరు జెట్లు మార్చిరి. మూడవవారు రీబోరు చేయవలెననిరి. ఆ ఖర్చునకై తండ్రి అప్పు చేయవలసి వచ్చుననియు, అదే జరిగినచో తాను చదువు మాని షెడ్డులోనే పూర్తిగా ఉండిపోవలసి వచ్చుననియు ఆ కుర్రవాడు చెప్పినప్పుడు మేమును వానితోకూడ ఆ షెడ్డునకు వెళ్ళితిమి. ఇక్కడ వ్రాయునది అక్కడి వృద్ధ ఉస్తాద్ వద్ద నేర్చిన పాఠమే.

ముందు బండి సంగతి. వెనుక స్ప్రింగులు గల 350 సి.సి. బుల్లెట్ ఇంగ్లాండులోని రెడ్డిచ్ నుండి 1949లోను, 500 సి.సి. బుల్లెట్ 1953లోను వచ్చినవి. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడిన పిమ్మట ఈ బండి తిరువొత్తియూరులో తయారై మన రోడ్లదైనది. రెండు ఇంజనులకును పిస్టన్ నడక 90 మి.మీ. మాత్రమే. బోరు ఒకదానికి 70, రెండవదానికి 84 మి.మీ. బోరు పెరిగినది ఐదవ వంతే. కాని 1.2ను 1.2చే గుణించినచో 1.44 వచ్చును గదా! అనగా పెద్ద బోరు ఇంజను ప్రతి పీల్పునకు నూటికి 44 వంతులు ఎక్కువ గాలి అడుగును. ఆ గాలి లోనికి వచ్చుటకు దొరకు సమయమో, చిన్న ఇంజనుకు దొరకినంతయే. కనుక కవాటము తెరచు వేళ, మూయు వేళ తప్పినచో పెద్ద బోరు ఎక్కువగా నష్టపోవును.

గాలికి కూడ బరువున్నది. కదలుటకు ఆలస్యము చేయును, కదలిన తరువాత ఆగుటకును ఆలస్యము చేయును. అందుచే పీల్చు కవాటమును పిస్టన్ పైకి రాకముందే తెరచి, క్రిందికి పోయి మరల పైకి బయలుదేరిన తరువాత మూయుదురు. మేము నోటుబుక్కులో దింపుకొన్న అంకెలివి (పాఠకుల సౌలభ్యమునకై గుండు చేసితిమి): పీల్చు కవాటము పై కొసకు 30 డిగ్రీల ముందు తెరచుకొని, క్రింది కొస దాటిన 60 డిగ్రీలకు మూసికొనును, మొత్తము 270 డిగ్రీలు. వదలు కవాటము క్రింది కొసకు 75 డిగ్రీల ముందే తెరచుకొని, పై కొస దాటిన 35 డిగ్రీలకు మూసికొనును. పై కొస వద్ద 65 డిగ్రీల మేర రెండును తెరచియే యుండును. ఈ నాలుగు ఘడియలలో పీల్చు కవాటము మూసికొను ఘడియయే ముఖ్యమని ఉస్తాద్ అభిప్రాయము. మాకును అట్లే తోచినది. అది త్వరగా మూసినచో బండి మెల్లని వేగమున బాగుగా లాగును. ఆలస్యముగా మూసినచో వేగమునందు మాత్రమే లాభము. మెల్లగా పోవునప్పుడు పీల్చిన మిశ్రమమును పిస్టనే కార్బురేటర్ వైపు వెనుకకు నెట్టివేయును.

ఈ మాట వినగానే ఆ విద్యార్థి ఉలికిపడెను. వాని తండ్రి బండికి కార్బురేటర్ నోటి వద్ద ఎప్పుడును పెట్రోలు తడి కనబడుచుండెనట! మరియొక గుర్తు కూడ ఉన్నది. ఇంజను బిగించిన నాటినుండి కిక్కు చాల తేలికయైనదని ఆ పెద్దమనిషి సంతోషించెను. కవాటము ఆలస్యముగా మూయుటచే నొక్కుటకు మిశ్రమము తక్కువ మిగులుచున్నదని, ఆ తేలికయే రోగలక్షణమని ఎవరికిని తట్టలేదు.

అనుమానము వేరు, కొలత వేరు. కొలతకు మొదట పిస్టన్ నిజమైన పై కొస, షెడ్డు భాషలో "టాప్", తెలియవలెను. (పిస్టన్‌ను మన పాఠ్యపుస్తకములు ముషలకము అనును. ఆ మాట ఉస్తాద్‌తో అనగా ఆయన నవ్వి, "రోలు ఎక్కడ సార్?" అనిరి.) కంటితో చూచి టాప్ నిర్ణయించరాదు, ఏలననగా కొస వద్ద క్రాంక్ ఐదు డిగ్రీలు తిరిగినను పిస్టన్ సుమారు మి.మీ.లో ఐదవ వంతు మాత్రమే దిగును. అందుచే పాత ప్లగ్గునకు బోల్టు అతికించి ప్లగ్గు రంధ్రమున బిగింతురు. క్రాంక్‌కు 360 డిగ్రీలు గీచిన బిళ్ళ తగిలించి, పిస్టన్ ఆ బోల్టుకు మెల్లగా తగులువరకు ముందుకు ఒకసారి, వెనుకకు ఒకసారి త్రిప్పుదురు. ఒకవైపు 41, మరియొకవైపు 47 వచ్చినచో ముల్లు 3 డిగ్రీలు తప్పియున్నదన్నమాట. దానిని జరిపి రెండువైపులను 44 వచ్చునట్లు చేసినచో సున్న వద్దనే నిజమైన టాప్. మన విద్యార్థి తన జామెట్రీ పెట్టెలోని కోణమానినితో ప్లైవుడ్ బిళ్ళపై ఈ గీతలన్నియు ఒక రాత్రి కూర్చుండి గీచెను.

తరువాత, ఎదురుగానున్న లేతు మిషను దుకాణమునుండి డయల్ గేజి ఎరువు తెచ్చి పీల్చు కవాటముపై నిలిపితిరి. కవాటము తెరచుకొను క్షణమును నేరుగా పట్టుట కష్టము. కామ్ అంచు అక్కడ మిక్కిలి ఏటవాలుగా లేచును. కనుక శిఖరమునకు ఇరువైపుల ఒకే ఎత్తు వద్ద డిగ్రీలు చూచి సగము చేయుదురు. క్రాంక్‌ను ముందు దిక్కునకు మాత్రమే త్రిప్పవలెను. లేనిచో పళ్ళ మధ్యనున్న సందు లెక్కను చెరచును. 270లో సగము 135. అందులో 30 తీసినచో టాప్ దాటిన 105 డిగ్రీల వద్ద శిఖరము రావలెను. అక్కడ 83, 163 వచ్చినవి. సగటు 123. పద్దెనిమిది డిగ్రీలు ఆలస్యము!

లెక్కలు మా విషయము కాదు. ఆ విద్యార్థియే చెప్పెను. క్రాంక్ చివరి చిన్న చక్రమునకు 20 పళ్ళు, కామ్ చక్రమునకు 40 పళ్ళు ఉన్నచో ఒక పన్ను అనగా క్రాంక్ లెక్కలో 360ని 20చే భాగించిన 18 డిగ్రీలు. టైమింగ్ మూత విప్పి చూడగా చిన్న చక్రముపై రెండు చుక్కలు కనబడినవి. ఒకటి కర్మాగారమువారిది, రెండవది వెనుకటి మరమ్మతులో ఎవరో సుత్తితో కొట్టుకొన్నది. బిగించినవారు ఆ రెండవ చుక్కను నమ్మిరి. రెండు కామ్‌ల గుర్తులు ఒకదానితో ఒకటి సరిపోయియే ఉన్నవి. రెండును కలిసి వెనుకబడినవి. నిప్పు సమయమును పిస్టన్ చూచి విడిగా సరిచేసి యుండుటచే తప్పు మరింత దాగిపోయినది.

ఇది లాగుడునకు మాత్రమే సంబంధించినది కాదు. కామ్‌లు ఆలస్యమైనచో పై కొస వద్ద వదలు కవాటము ఉండవలసినదానికన్న ఎక్కువ దిగియుండి పిస్టన్‌కు చేరువగును. ముందైనచో పీల్చు కవాటము పిస్టన్‌కు ఎదురుపడును. తగిలినచో కవాటము వంగును, సంతదారిలో ఇంజను ఆగిపోవును. హెడ్డు విప్పి పిస్టన్‌పై మెత్తని బంకమట్టి ముద్దనుంచి, మరల బిగించి చేతితో రెండు చుట్లు త్రిప్పి, విప్పి ఆ మట్టిని బ్లేడుతో కోసి మందము కొలుచుట మేము అక్కడనే మొదట చూచితిమి. వదలు కవాటము వైపు మట్టి పలుచబడియున్నది కాని తెగలేదు. పన్ను సరిచేసిన తరువాత మరల కొలువగా అది దళసరియైనది. రెండవ చుక్కను ఉస్తాద్ ఆకురాయితో చెరిపివేసిరి.

మిగిలిన ట్యూనింగు త్వరగానే ముగిసినది. చల్లని ఇంజనులో, రెండు కవాటములును మూసియున్న టాప్ వద్ద, పుష్ రాడ్లు వ్రేళ్ళతో తిరుగవలెను గాని పైకి క్రిందికి ఆడరాదు. పాయింట్ల సందు 0.35 నుండి 0.40 మి.మీ.; అవి టాప్‌కు 0.8 మి.మీ. ముందు విడివడవలెను. పాయింట్ల మధ్యనుంచిన సిగరెట్టు కాగితము జారివచ్చు క్షణమే ఆ గుర్తు. కార్బురేటర్‌ను అన్నిటికన్న చివర ముట్టవలెను. ముందు ముగ్గురును అక్కడనే మొదలుపెట్టిరి.

2020 తరువాత వచ్చిన 350 ఇంజనులలో పుష్ రాడ్లు లేవు. కామ్ హెడ్డులోనే ఉండి గొలుసుతో తిరుగును. పన్నుకు బదులు గొలుసు లంకె తప్పవచ్చును. కొలుచు పద్ధతి మాత్రము ఇదియే.

రీబోరు అక్కరలేకపోయినది. కిక్కు మరల బరువైనదని ఆ వ్యాపారిగారు మొదట సణిగినారు గాని, తరువాతి సంతకు రెండు మూటలు ఎక్కువ వేసికొని వెళ్ళినారు. విద్యార్థి ఈ సంవత్సరము పరీక్ష రుసుము చెల్లించినాడు. వాని ప్లైవుడ్ బిళ్ళను, వాని అనుమతితో, వాని పేరు వ్రాసి మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచితిమి. కమిటీవారు ఒక డయల్ గేజి ఇప్పించినచో, పాత కామ్ ఒకటి ఊరకనే ఇచ్చుటకు ఉస్తాద్ ఒప్పుకొనియున్నారు. పిల్లలు దాని ఎత్తును ప్రతి ఐదు డిగ్రీలకు కొలిచి గ్రాఫు గీయవచ్చును.