ఎద్దు ఆకలి: బులిమియా నెర్వోసా వ్యాధి, దాని చికిత్స

ఆకలి ప్రాణికి సహజధర్మం. ఆకలి వేసినప్పుడు భుజించడం, తృప్తి కలిగినప్పుడు చేయి కడుగుకోవడం ఆరోగ్య లక్షణం. ఈ రెండింటి నడుమనున్న కట్టు తెగినప్పుడు కలిగే వ్యాధులలో ఒకదానిని గూర్చి మేమీ వ్యాసంలో వివరింపదలచాము. దాని పేరు బులిమియా నెర్వోసా. గ్రీకు భాషలో 'బూస్' అనగా ఎద్దు, 'లిమోస్' అనగా ఆకలి. ఎద్దుకు కలిగేటంతటి ఆకలి అని ఆ పదానికి అర్థం.

మన ఆయుర్వేదంలో భస్మకరోగం అనే మాట ఉన్నది. ఎంత తిన్నా చాలదనే జఠరాగ్ని దాని లక్షణం. బులిమియా అది కాదు. ఇందులో రోగిని పీడించేది ఆకలి కంటె భయం. 1979లో లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి మానసిక వైద్యుడు జెరాల్డ్ రసెల్ తాను చూచిన 30 మంది రోగులను పరిశీలించి, దీనికి పేరు పెట్టి, ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. 1995లో బ్రిటిష్ యువరాణి డయానా తాను దీనితో బాధపడిన సంగతి టెలివిజనులో స్వయంగా చెప్పిన తరువాత సామాన్య జనులకు కూడా దీని పేరు తెలిసింది.

వ్యాధి లక్షణాలు

రోగి కొద్దిసేపటిలోనే అమితమైన ఆహారం తింటాడు. ఆ సమయంలో చేయి తన వశంలో ఉండదు. పిదప లావైపోతానన్న భయం, సిగ్గు, అపరాధభావం ముంచెత్తుతాయి. తిన్నదానిని వదిలించుకోవడానికి బలవంతపు వాంతి, విరేచన మాత్రలు, కఠినోపవాసం, మితిమీరిన వ్యాయామం మొదలైనవాటిని ఆశ్రయిస్తాడు. ఈ చక్రం సగటున వారానికొకసారి చొప్పున మూడు నెలలు సాగితే వైద్యులు దీనిని బులిమియాగా నిర్ణయిస్తారు. స్త్రీలలో ఎక్కువగా, పురుషులలో కొంత తక్కువగా ఇది కనిపిస్తుంది. కౌమారం చివర, యౌవనారంభంలో, అనగా కళాశాల వయస్సులోనే తరచుగా మొదలవుతుంది.

రోగి బరువు సాధారణంగా మామూలుగానే ఉంటుంది. కనుక ఇంటివారికి అనుమానం రాదు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని కొన్ని ఇళ్లలో, రిజ్ఖ్ అల్లా ప్రసాదమని కొన్ని ఇళ్లలో పిల్లలకు నేర్పుతారు. రెండూ మంచి మాటలే. కాని తిన్న అన్నాన్ని కక్కుకుంటున్న పిల్ల ఆ మాటలు తలచుకొని, తాను పాపం చేస్తున్నానని మరింతగా దాచుకుంటుంది. దాచిన కొద్దీ వ్యాధి ముదురుతుంది.

ఉపవాసానికీ ఈ వ్యాధికీ గల భేదం గ్రహింపదగినది. 1989లో కింగ్, భుగ్రా అనే వైద్యులు ఉత్తర భారతంలోని పాఠశాల బాలికలకు పాశ్చాత్య ప్రశ్నావళి నిచ్చి చూచారు. మతాచారంగా చేసే ఉపవాసాలను మనసులో ఉంచుకొని బాలికలు కొన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పినందున, లేని వ్యాధి ఉన్నట్లు లెక్క తేలింది. రంజాను రోజా గాని, ఏకాదశి ఉపవాసం గాని వ్యాధి కాదు. వాటి ఉద్దేశం ఆరాధన. బరువు భయంతో, తిన్నందుకు తనకు తాను విధించుకొనే శిక్షగా చేసే ఉపవాసం వేరు. రోగులకు రోజా నుండి మినహాయింపు ఉన్నదని మరువరాదు.

శరీరానికి కలిగే హాని

వాంతితో వచ్చే ఆమ్లం పండ్ల పైపూతను కరగిస్తుంది. దవడల క్రింది లాలాజల గ్రంథులు వాస్తాయి. గొంతు మండుతుంది. అన్నింటికంటె ప్రమాదకరమైనది రక్తంలో పొటాషియం తగ్గడం. దానివలన గుండె లయ తప్పి, ప్రాణమే పోవచ్చు. పైకి ఆరోగ్యంగా కనబడే విద్యార్థి విషయంలో కూడా ఇది సత్యం.

చికిత్స

ఈ వ్యాధికి మంచి చికిత్స ఉన్నది. ఆక్స్‌ఫర్డుకు చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ 1981లో ప్రకటించిన పద్ధతి నుండి వికసించిన ఆలోచనా ప్రవర్తనా చికిత్స నేడు ప్రధానమైనది. సుమారు 20 సమావేశాలు, నాలుగైదు నెలల కాలం పడుతుంది. మొదటి మెట్టు వేళకు తినడం. మూడు పూటల భోజనం, నడుమ రెండు మూడు చిరుతిండ్లు. పస్తు ఉంటే అతిగా తినే కోరిక పెరుగుతుంది గనుక ఆ చక్రాన్ని ఇక్కడే తెంచుతారు. రోగి ఏమి తిన్నాడో, అప్పుడు మనసు ఎట్లా ఉన్నదో చిన్న పుస్తకంలో వ్రాసుకొంటాడు. తరువాత శరీరాకృతియే మనిషి విలువ అనే తలపును పరీక్షిస్తారు. చివరకు వ్యాధి తిరుగబెట్టకుండా ఉపాయాలు నేర్పుతారు. చిన్న వయస్సువారికి తల్లిదండ్రులను కలుపుకొని చికిత్స చేస్తారు. మందులలో ఫ్లూఆక్సెటిన్ ఉపయోగకరమని తేలినది. అయితే అది వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. వాంతి అయిన వెంటనే పండ్లు తోముకోరాదు. నీటితో పుక్కిలించాలి.

2012లో ప్రచురితమైన ఒక సర్వేలో బెంగుళూరు మానసిక వైద్యులలో దాదాపు మూడింట రెండు వంతులవారు భోజన సంబంధమైన వ్యాధిగ్రస్తులను చూచినట్లు చెప్పారు. కనుక ఇది పరదేశపు జబ్బు, మన ఊరికి రాదు అని ధీమాగా ఉండరాదు. మన మంగళగిరిలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మానసిక వైద్య విభాగం ఉన్నది. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

విద్యార్థులారా! 'తిండికి తిమ్మరాజు' అని తోటివారిని ఎగతాళి చేయకండి. లావు, సన్నం అని వ్యాఖ్యానించకండి. మీ స్నేహితురాలు భోజనం కాగానే ప్రతిసారీ స్నానాల గదికి పోయి తలుపు వేసుకొంటున్నదని గమనిస్తే, నలుగురిలో నిలదీయకండి. ఒంటరిగా పిలిచి, "నీకేమైనా కష్టమా? వైద్యుని దగ్గరకు నేను తోడు వస్తాను" అనండి. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి: ఏడాదికొకసారైనా ఒక మానసిక వైద్యుని పిలిపించి విద్యార్థులతో మాట్లాడించండి. సిగ్గు చాటున పెరిగే వ్యాధిని గూర్చి పెద్దలు పది మందిలో మాట్లాడితే, బాధపడుతున్న పిల్లలకు నోరు విప్పే ధైర్యం వస్తుంది.