పాట చేసే పని



ఈసారి గోడపత్రికకు సంగీతం మీద పాఠం లాగ రాయమని మా తెలుగు మేడం చెప్పారు. నేను గోండు అమ్మాయిని. ఇంట్లో గోండి మాట్లాడతాం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. సంగీతం అనగా సప్తస్వరములు అని పుస్తకంలో ఉన్నది. అవి నాకు ఇంకా సరిగ రావు. కానీ పాట ఏం పని చేస్తదో మా ఊర్లో చూసిన, ఈ హాస్టల్లో కూడా చూసిన. అదే రాస్తున్నాను.

1. పాట మనసును ఎలా మారుస్తుంది?

డప్పు వేగంగా కొడితే కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. మెల్లగ జోల పాడితే కండ్లు మూతలు పడతాయి. ఇది మన అమ్మలకు ఎప్పటి నుండో తెలుసు. శాస్త్రవేత్తలు కూడా పరీక్ష చేసి చూశారు. 2011లో కెనడా దేశంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు, మనసుకు బాగా నచ్చిన సంగీతం వింటున్నప్పుడు మెదడులో డోపమైన్ అనే పదార్థం విడుదల అవుతుందని కనుగొన్నారు. ఇష్టమైన తిండి తిన్నప్పుడు కూడా ఆ పదార్థమే వస్తుంది. అందుకే మంచి పాట వింటే కడుపు నిండినట్టు అనిపిస్తుంది.

2020లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు ఇంకొక పరీక్ష గురించి తెలిపారు. పసిపిల్లలకు వాళ్ళు ఎన్నడూ వినని భాషల జోలపాటలు వినిపించారు. జోలపాటలు కాని పాటలు కూడా వినిపించారు. భాష తెలియకపోయినా జోలపాట వినేటప్పుడు పిల్లల గుండె వేగం ఎక్కువ తగ్గింది. అంటే పాటలో మాట అర్థం కాకున్నా, అది ఓదార్చే పాట అని ఒంటికి తెలుస్తది అన్నమాట.

2. మన హాస్టల్లో చూసిన సంగతి

ఈ పరీక్ష గురించి సైన్స్ మేడం చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కాలేదు. ఎందుకంటే మన దగ్గర గోండు, కొలాం, నాయక్‌పోడ్, ప్రధాన్, లంబాడా పిల్లలు అందరూ ఉన్నారు. జూన్‌లో ఐదో తరగతికి వచ్చిన ఒక కొలాం చెల్లె మూడు రోజులు సరిగ అన్నం తినలేదు. ట్రంకు పెట్టె మీద కూర్చొని ఏడ్చేది. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు, గోండి రాదు. మా గదిలో ఒక అక్క ఆమె తల దువ్వుతూ గోండిలో పాట పాడింది, తమ్ముణ్ణి ఊపేటప్పుడు పాడే పాట. ఆ చెల్లె ఏడుపు ఆపి విన్నది. నాలుగో రోజు తనే కొలామీలో ఒక పాట పాడింది. మాకు ఒక్క మాట కూడా తెలియలేదు. అయినా అందరం చప్పట్లు కొట్టినం. ఆ రోజు రాత్రి ఆమె అన్నం రెండోసారి పెట్టించుకున్నది.

కొత్త పిల్లలు మొదటి నెలలోనే ఇంటికి పోతామని ఏడ్వడం, కొందరు పోయి మళ్ళీ రాకపోవడం మనందరికీ తెలుసు. బడి మానేస్తే మళ్ళీ పశువుల వెంబడి పోవుడే. కనుక పాట అనేది చిన్న విషయం కాదు.

3. దుఃఖంలో పాట

పాట సంతోషానికే అని కొందరు అనుకుంటారు. అది తప్పు. మా ఊర్లో మనిషి చనిపోతే ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. చనిపోయినామె ఎట్ల నాటు వేసేది, ఎవరికి గటక పెట్టేది, అన్నీ ఆ రాగంలో చెప్తారు. చిన్నప్పుడు నాకు భయం అయ్యేది. ఎందుకట్ల పాడతరు అని మా నాయనమ్మను అడిగిన. "ఒక్కతే ఏడిస్తే దుఃఖం లోపలనే గడ్డ కడ్తది బిడ్డా, పది మంది పాడితే పలచబడ్తది" అని చెప్పింది. ఇది ఏ పుస్తకంలో ఉన్నదో నాకు తెలియదు, కానీ నిజం అనిపిస్తుంది.

4. కిక్రీ కట్టిన చుట్టరికం

పాట మనుషుల మధ్య సంబంధం కూడా కడుతుంది. దీనికి మంచి ఉదాహరణ గోండులు, ప్రధానులు. ప్రధానులు వాయించే వాయిద్యం కిక్రీ. దానికి కర్రతో చేసిన ఒళ్ళు, పైన తోలు, మూడు తీగలు ఉంటాయి. కమానుతో వాయిస్తారు. గోండులలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగాలు ఉన్నాయి కదా. ప్రతి వంశానికి ఒక కథ ఉంటుంది. ఆ కథ పాడేది గోండులు కాదు, వారి ప్రధానులు. తండ్రి తర్వాత కొడుకు ఆ గోండు కుటుంబాలకే పాడతాడు. పేన్ పూజకు, పెండ్లికి, దినాలకు ప్రధాన్ రావాలి. వారికి ధాన్యం, బట్టలు, ఒక్కోసారి పశువులు ఇచ్చేవారు. తోటి కులస్థులు కూడా కిక్రీ వాయించి కథలు చెప్తారు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. ఆదిలాబాద్ ప్రాంతపు ప్రధానులు ఇంట్లో మరాఠీ మాట్లాడేవారు. కథ మాత్రం గోండిలో పాడతారు. అంటే మా తాతల కథను భద్రంగా దాచింది వేరే ఇంటి భాష ఉన్నవాళ్ళు. వాళ్ళు పాడకపోతే మా వంశం కథ మాకే తెలియదు. మా కుటుంబాలు పిలవకపోతే వాళ్ళ కిక్రీ మూగది అయితది. ఒకరి దగ్గర కథ, ఇంకొకరి దగ్గర గింజ. సంబంధం అంటే ఇదే కదా!

5. దండారి

దీపావళి రోజుల్లో మా దండారి సంగతి చాలా మందికి తెలుసు. నెమలి ఈకల టోపీ పెట్టుకొని, ఒంటికి బూడిద పూసుకొని గుస్సాడీలు ఆడతారు. గుమేలా, పర్రా, డప్పు, పెప్రె మోగుతాయి. దండారి ఒక ఊరి నుండి ఇంకొక ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్ళు ఎదురు వచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నం పెడతారు. తర్వాత వాళ్ళు వస్తే వీళ్ళు పెట్టాలి. అక్కడ పెండ్లి సంబంధాలు కూడా మాట్లాడుకుంటారు. పాత అలకలు ఉన్నా, ఇంటి ముందుకు వచ్చిన దండారికి అన్నం పెట్టను అనలేరు. కలిసి అడుగు వేసిన తర్వాత ముఖం తిప్పుకొని పోవుడు కష్టం.

6. డీజే మాట

ఇప్పుడు పెండ్లిళ్ళకు డీజే వస్తుంది. నేను కూడా ఎగిరిన, అబద్ధం చెప్పను. సినిమా పాటలు కూడా సంతోషం ఇస్తాయి. కానీ ఒక తేడా ఉన్నది. డీజే ముందర పక్కనున్న మనిషి మాట వినపడదు. గుండె దడదడ అంటది, ముసలివాళ్ళు, పసిపిల్లలు దూరం పోయి కూర్చుంటారు. దండారిలో ముసలాయన కావాలి, ఎందుకంటే దరువు ఆయనకే తెలుసు. డీజేకు ఎవ్వరూ అవసరం లేదు, కరెంటు ఉంటే చాలు. డీజే పెట్టండి, కానీ పెద్దవాళ్ళ డప్పుకు కూడా ఒక గంట ఇవ్వండి అని నా మనవి.

7. పాట పోతే ఏమవుతుంది?

గుస్సాడీ నృత్యంలో పేరు పొందిన మర్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మ కథ పాడే కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో ఇచ్చారు. ఇద్దరూ 2024లో చనిపోయారు. మనుషులు పోవుడు ఎవరూ ఆపలేరు. కానీ రాయని పాట మనిషితో పాటే మట్టిలోకి పోతుంది. మా నాయనమ్మకు ఎన్ని పాటలు వస్తాయో నేను లెక్కపెట్టలేదు. ఈ సెలవుల్లో పెడతాను.

8. మనం చేయదగిన పనులు

(అ) సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరం ఒక్క పాట అయినా పెద్దలను అడిగి నోటుబుక్కులో రాసుకుందాం. మన భాష మాటలను తెలుగు అక్షరాలతో రాయవచ్చు. ఎవరు పాడారు, ఏ పనికి పాడారు అనేది కూడా రాయాలి.

(ఆ) పేన్ పాటలు, చావు పాటలు ఆటకు పాడకూడదు. పెద్దలను అడిగి, వాళ్ళు సరే అంటేనే రాయాలి.

(ఇ) మన భాష పాట పాడితే నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వినా పాడుదాం. ఇంకొకరు పాడితే మనం నవ్వొద్దు.

(ఈ) వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. స్టడీ అవర్ ముట్టుకోము. రాత్రి రోల్ కాల్ అయిన తర్వాత, లైట్లు ఆర్పే ముందు పది నిమిషాలు ఇవ్వండి. రోజుకు ఒక గది, ఒక భాష పాట. కొత్త పిల్లలు ఉన్న జూన్, జూలై నెలల్లో అయినా ఇవ్వండి. పరీక్షల నెలలో వద్దన్నా సరే.

ముగింపు: ఆగస్టు పదిహేనుకు స్టేజీ మీద పాడే పాట మంచిదే. దానికి బహుమతి వస్తుంది. కానీ ఏడ్చే చెల్లె పక్కన కూర్చొని పాడే పాటకు బహుమతి ఉండదు, ఆ చెల్లె బడిలో ఉంటుంది.

చదివిన వారికి ప్రశ్నలు:
1. మీ ఇంట్లో ఎక్కువ పాటలు ఎవరికి వస్తాయి?
2. మీ ఊర్లో ఏ పని పాట లేకుండా మొదలు కాదు?
3. మీ గదిలో ఎన్ని భాషల పాటలు ఉన్నాయి? లెక్కపెట్టి ఈ గోడపత్రిక కింద పెన్సిల్‌తో రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని