పుట్టుకతో వచ్చు థైరాయిడు లోపము

ఆకలికి కూడ ఏడ్వక, రేయింబవళ్లు నిద్రించు పసిబిడ్డను చూచి, బుద్ధిమంతుడని ఇంటి పెద్దలు మెచ్చుకొనుట కలదు. పెక్కుమారులు ఆ మెప్పు తగినదే. కాని కొందరు శిశువులలో ఆ నెమ్మదియే వ్యాధి లక్షణము.

కంఠమున ముందువైపున నుండు థైరాయిడు గ్రంథి థైరాక్సిను అను హార్మోనును స్రవించును. శరీరము పెరుగుటకు, అంతకంటెను ముఖ్యముగా మొదటి రెండు మూడేండ్లలో మెదడు వృద్ధిచెందుటకు ఇది అత్యవసరము. గర్భమున ఈ గ్రంథి నాలుక మొదట పుట్టి, క్రమముగా మెడలోనికి దిగును. కొందరిలో అది అసలే ఏర్పడదు. కొందరిలో దారిమధ్యమున నిలిచిపోవును. మరికొందరిలో గ్రంథి యున్నను హార్మోను తయారగుటలో లోపముండును. ఈ చివరి రకము సాధారణముగా వంశానుగతము. మేనరికములు గల కుటుంబములలో దీనికి అవకాశ మెక్కువ.

అయోడిను కొరతవలన కలుగు లోపము వేఱు. దానిని నివారింపవచ్చును. శ్రీకాకుళమున జన్మించిన వైద్యశాస్త్రజ్ఞుడు వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాలయ పాదమునగల కాంగ్రా లోయలో ఆరంభించిన ప్రయోగమున, అయోడిను చేర్చిన ఉప్పు వాడిన గ్రామములలో గొంతువాపు వ్యాధి తగ్గెను. 1962లో జాతీయ గాయిటరు నియంత్రణ కార్యక్రమము మొదలయ్యెను. గర్భిణులు అట్టి ఉప్పునే వాడవలెను. అయితే గ్రంథి యేర్పడుటలోని లోపమును ఉప్పు సరిచేయజాలదు; దానికి తల్లి తిన్నదియు తిననిదియు కారణము కాదు.

గర్భమున తల్లి హార్మోను కొంత చేరుచుండుటచే, పుట్టిన దినమున ఈ బిడ్డలలో పెక్కుమంది ఆరోగ్యవంతులుగానే కనబడుదురు. రెండువారములు దాటినను తగ్గని కామెర్లు, పాలు త్రాగుటలో మందకొడితనము, మలబద్ధము, బొంగురు ఏడ్పు, పొడిచర్మము, పెద్ద నాలుక, బొడ్డు ఉబ్బు, విశాలమైన మాడు మెల్లగా బయలుపడును. ఇవి స్పష్టమగువరకు వేచియుండరాదు. ఆ లోపల మెదడునకు కలిగిన నష్టమును పిమ్మట ఏ ఔషధమును పూర్తిగా పూడ్చలేదు.

కనుక రక్తపరీక్షయే శరణ్యము. బొడ్డుతాడునుండి గాని, రెండు దినముల తరువాత మడమనుండి గాని తీసిన కొన్ని చుక్కలు చాలును. 1970ల దశకమున కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున ఆరంభమైన ఈ పద్ధతి నేడు పెక్కు దేశములలో నియమముగా నున్నది. భారతదేశమున అన్ని ఆసుపత్రులలోను ఇంకను జరుగుట లేదు. ఇంటికి వెళ్లుటకు ముందే తల్లిదండ్రులు అడిగి చేయించుకొనవలెను. నెలలు నిండక పుట్టిన బిడ్డకు కొన్ని వారముల తరువాత మరల చేయింపవలసి యుండును. లోపమున్నట్లు తేలిన బిడ్డకు గుండెను, వినికిడిని కూడ పరీక్షింపవలెను. ఇట్టి శిశువులలో గుండె నిర్మాణ లోపములు ఇతరులలోకంటె హెచ్చుగా కనబడును.

చికిత్స మాత్రము ఆశ్చర్యము గొలుపునంత సులభము. వైద్యుడు బరువునుబట్టి నిర్ణయించిన లీవోథైరాక్సిను మాత్రను నూరి, కొద్దిపాటి తల్లిపాలలో కలిపి, ప్రతిదినము ఒకే వేళకు పట్టవలెను. ఇందుకు ఉగ్గుగిన్నె చాలును. సీసానిండ పాలలో కలిపినచో, మిగిలిన పాలతో మందును వ్యర్థమగును. ఇనుము, కాల్షియము మందులను అదే వేళకు ఈయరాదు. పుట్టిన రెండువారములలోపున ఆరంభించి క్రమము తప్పక వాడినచో, ఈ బిడ్డలలో అధికసంఖ్యాకులు తోటిపిల్లలవలెనే పెరిగి చదువుకొందురు.

బిడ్డ చక్కగా ఆడుకొనుచున్నాడని మందు మానిపించు తల్లిదండ్రులు కలరు. ఆ ఆటపాటలు మందువలన వచ్చినవే. మందు జీవితాంతము కావలెనో లేదో మూడేండ్లు నిండిన పిమ్మట వైద్యుడు పరీక్షించి చెప్పును. అంతవరకు ఒక్క దినమును మానరాదు.