స్పోర్ట్స్ కారు: కొత్తదా, సెకండ్ హ్యాండా? లెక్క వేసి తేల్చుకుందాం

సుల్తాన్ బజార్, కోఠి ఏరియాలో తిరిగేవాళ్ళకి సెకండ్ హ్యాండ్ అంటే భయం ఉండదు. సగం రేటుకి పాత పుస్తకం కొంటే అందులో పాఠం ఏమీ అరిగిపోదు. పాత ఫోన్ కొంటే కనీసం బ్యాటరీ హెల్త్ చూసుకోవచ్చు. 85 శాతమా, 78 శాతమా అన్నది సెట్టింగ్స్ లోనే కనిపిస్తుంది. కానీ కారులో అలాంటి ఒక్క నంబర్ ఎక్కడా ఉండదు. అందులోనూ స్పోర్ట్స్ కారు అయితే, ముందు ఓనర్ దాన్ని ఎలా నడిపాడన్న దాని మీదే సగం విలువ ఆధారపడి ఉంటుంది.

ఈ ఆర్టికల్ లో మూడు పనులు చేద్దాం. కొత్త కారుకి అసలు ఖర్చు ఎంతో చూద్దాం. పాత కారుని ఫోన్, స్కానర్ సాయంతో ఎలా చెక్ చేయాలో నేర్చుకుందాం. చివరికి ఎవరికి ఏది సరిపోతుందో తేల్చుకుందాం.

ముందుగా, ఏ కార్ల గురించి మాట్లాడుతున్నాం?

ఫెరారీ, లంబోర్ఘిని సంగతి పక్కన పెడదాం. ఇక్కడ మన లెక్క ఉద్యోగం చేసుకుంటూ, లోన్ పెట్టుకుని కొనగలిగే ఫాస్ట్ కార్ల గురించి. 2025 అక్టోబర్ లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ ఎక్స్ షోరూమ్ ధర అప్పట్లో 49.99 లక్షలు. ఇండియాకి కేటాయించింది 100 కార్లే. అదే ఏడాది మే నెలలో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ 53 లక్షలకి వచ్చింది. పాత మార్కెట్ లో అయితే 2020లో 35.99 లక్షలకి అమ్మిన ఆక్టేవియా ఆర్ఎస్ 245 ఉంది. అవి కూడా 200 మాత్రమే వచ్చాయి. ఇంకా కింద బడ్జెట్ కి పోలో జీటీ టీఎస్ఐ ఉంది. పోలో తయారీ ఇండియాలో 2022లో ఆగిపోయింది.

ఒక విషయం గమనించండి. వీటిలో ఆర్ఎస్, జీటీఐ రెండూ విదేశాల్లో పూర్తిగా తయారై దిగుమతి అయినవి. ఇలాంటి కారుకి ఒక బంపరో, హెడ్‌లైటో పోతే ఆ పార్ట్ కూడా చాలాసార్లు బయటి నుంచే రావాలి. అంటే డబ్బుతో పాటు వారాల తరబడి ఎదురుచూపు కూడా ఖర్చులో భాగమే.

కొత్త కారు: బోర్డు మీద రేటు, చేతి నుంచి పోయే డబ్బు

తెలంగాణలో కారు కొంటే లైఫ్ ట్యాక్స్ ఒకేసారి కట్టాలి. 2022లో సవరించిన స్లాబుల ప్రకారం 20 లక్షలు దాటిన కారుకి అది 18 శాతం. 2025లో ఖరీదైన కార్లకి ఇంకా పెరిగింది. లెక్క సులువుగా ఉండటానికి 20 శాతం అనుకుందాం. కొనే రోజున మీ స్లాబ్ ఎంతో రవాణా శాఖ సైట్ లో ఒకసారి చూసుకోండి.

10 లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. ఇది ఎక్కడికీ పోదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ లో క్లెయిమ్ చేసుకోవచ్చు. లైఫ్ ట్యాక్స్ అలా కాదు. నాలుగేళ్ళ తర్వాత మీరు కారు అమ్మితే కొనేవాడు ఎక్స్ షోరూమ్ ధర చూసి బేరం ఆడతాడు. మీరు కట్టిన 10 లక్షల ట్యాక్స్ కి విడిగా విలువ కట్టడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి మార్కెట్ రేట్లు కావు, పద్ధతి అర్థం కావడానికి అనుకున్న అంకెలు. మీరు కొనే కారు అంకెలు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి.

కొత్త కారు, నాలుగేళ్ళకి:
- ఎక్స్ షోరూమ్: 50 లక్షలు
- లైఫ్ ట్యాక్స్: 10 లక్షలు
- నాలుగేళ్ళ ఇన్సూరెన్స్: 5 లక్షలు
- సర్వీస్, టైర్లు: 3 లక్షలు
- మొత్తం: 68 లక్షలు
- అమ్మితే వచ్చేది: 28 లక్షలు
- అసలు ఖర్చు: 40 లక్షలు, అంటే నెలకి దాదాపు 83 వేలు

అదే కారు నాలుగేళ్ళ వయసులో మీరు కొంటే:
- కొన్న ధర: 28 లక్షలు
- చెకింగ్, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు: 50 వేలు
- నాలుగేళ్ళ ఇన్సూరెన్స్: 3 లక్షలు
- సర్వీస్, టైర్లు, రిపేర్లు: 7 లక్షలు
- మొత్తం: 38.5 లక్షలు
- అమ్మితే వచ్చేది: 15 లక్షలు
- అసలు ఖర్చు: 23.5 లక్షలు, అంటే నెలకి దాదాపు 49 వేలు

తేడా 16.5 లక్షలు. మధ్యలో గేర్‌బాక్సో, టర్బోనో పోయి ఇంకో 6 లక్షలు ఖర్చయినా పాత కారే 10.5 లక్షలు తక్కువలో ఉంది. ఇంత తేడా ఉంటే అందరూ పాతదే కొనాలి కదా? ఇక్కడే అసలు మెలిక ఉంది.

28 లక్షల కారుకి 50 లక్షల కారు బ్రేకులు

కారు ధర తగ్గుతుంది గానీ దాని పార్ట్స్ ధర తగ్గదు. మీరు 28 లక్షలకే కొన్నా, ఆ బ్రేక్ డిస్కులు, ఆ టైర్లు, ఆ సస్పెన్షన్ 50 లక్షల కారువే. ఏనుగుని కొనడం కాదు, మేపడం కష్టం అంటారు కదా, అదే ఇది.

పై లెక్కలో 6 లక్షల రిపేర్ ని నాలుగేళ్ళకి పంచితే చిన్నగానే కనిపిస్తుంది. కానీ అది నెలనెలా రాదు, ఒకే రోజు వస్తుంది. ఆ రోజు మీ అకౌంట్ లో ఆ డబ్బు లేకపోతే కారు షెడ్డులో, ఈఎంఐ మీ నెత్తిన ఉంటాయి. 20 లక్షల లోన్ 12.5 శాతం వడ్డీకి నాలుగేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 53 వేలు, మొత్తం వడ్డీ 5.5 లక్షలు. పాత కార్ల లోన్ కి వడ్డీ సాధారణంగా కొత్తవాటికన్నా ఎక్కువ. అదే 20 లక్షలు కొత్త కారుకి 9 శాతానికి దొరికితే వడ్డీ 3.9 లక్షలే. కానీ కొత్త కారుకి 20 లక్షల లోన్ తో సరిపోదు, 40 లక్షలు తీసుకుంటే వడ్డీ 7.8 లక్షలు అవుతుంది.

కాబట్టి రూల్ ఇది: పాత స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు కారు ధరలో 20 శాతం విడిగా బ్యాంకులో ఉండాలి. 28 లక్షల కారుకి 5 నుంచి 6 లక్షలు. అది లేకపోతే మీ బడ్జెట్ 28 లక్షలు కాదు, 23 లక్షలే.

మన దగ్గర ఉన్న గ్యాడ్జెట్లతో చెక్ చేద్దాం

1. ఓబీడీ స్కానర్. ఈఎల్ఎం327 చిప్ తో వచ్చే బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్ లో దొరుకుతుంది, గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ మార్కెట్లలో కూడా అడిగి చూడండి. నకిలీ చిప్స్ ఎక్కువ, ముందు మీకు తెలిసినవాళ్ళ కారులో పెట్టి పనిచేస్తుందో లేదో చూసుకోండి. స్టీరింగ్ కింద ఉండే పోర్ట్ లో పెట్టి ఫోన్ యాప్ తో కనెక్ట్ చేయాలి. అందరూ ఎర్రర్ కోడ్స్ ఉన్నాయా లేదా అని మాత్రమే చూస్తారు. మీరు ఇంకో రెండు చూడండి. ఒకటి, "కోడ్స్ క్లియర్ చేశాక నడిచిన దూరం". అది 12 కిలోమీటర్లు అని చూపిస్తే నిన్నో మొన్నో ఎవరో ఎర్రర్స్ చెరిపేశారని అర్థం. రెండోది, రెడీనెస్ మానిటర్లు. చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే అదే కథ. బ్యాటరీ మార్చినా ఇలా రావచ్చు, కాబట్టి బ్యాటరీ బిల్లు అడగండి. బిల్లు లేకపోతే రెండు వందల కిలోమీటర్లు నడిచాక మళ్ళీ చూస్తామని చెప్పండి.

2. పెయింట్ మందం మీటర్. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. ఒక డోర్ మీద 120, పక్క డోర్ మీద 400 చూపిస్తే ఆ డోర్ కి పుట్టీ పెట్టి మళ్ళీ రంగు వేశారు. గీత పడి రంగు వేయించడం తప్పేమీ కాదు. రూఫ్, పిల్లర్ల మీద ఎక్కువ చూపిస్తే మాత్రం పెద్ద యాక్సిడెంట్ అనుమానించాలి. ప్లాస్టిక్ బంపర్ల మీద ఈ మీటర్ పనిచేయదు.

3. టైర్ కోడ్. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. 15 వేల కిలోమీటర్లే తిరిగిన కారుకి అప్పుడే నాలుగు టైర్లూ మార్చారంటే, ఆ మీటర్ అబద్ధమైనా అయి ఉండాలి, కారుని రేసు కారులా అయినా తోలి ఉండాలి.

4. కోల్డ్ స్టార్ట్. మీరు వెళ్ళేసరికి ఇంజన్ వేడిగా ఉంటే ఆ రోజుకి వద్దనండి. పొద్దున్నే, రాత్రంతా ఆగిన కారుని మీ ముందే స్టార్ట్ చేయించాలి. టైమింగ్ చైన్ చప్పుడు, నీలం పొగ మొదటి నిమిషంలోనే బయటపడతాయి.

5. టెస్ట్ డ్రైవ్. ఖాళీ రోడ్డు మీద ఏ కారైనా బాగానే ఉంటుంది. సాయంత్రం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా మెట్రో పిల్లర్ల పక్కన పాకుతూ రండి. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ కి అసలు పరీక్ష ఇదే. ఫస్ట్, సెకండ్ గేర్ల మధ్య కుదుపు, వణుకు ఉంటే క్లచ్ అరిగిందని అనుమానించండి. డ్రై క్లచ్ రకానికి ఆగి ఆగి వెళ్ళే ట్రాఫిక్ లో వేడి ఎక్కువవుతుంది, నూనెలో ఉండే వెట్ క్లచ్ దాన్ని బాగా తట్టుకుంటుంది. ఆ తర్వాతే ఔటర్ రింగ్ రోడ్.

6. పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోల్ వస్తోంది. పాత టర్బో కారు దీనికి తయారైందో లేదో ట్యాంక్ మూత లోపలి స్టిక్కర్, మాన్యువల్ చూడండి.

కాగితాలు: ఇంజన్ కన్నా ఇవే ముఖ్యం

ఇంజన్ పాడైతే బాగు చేయించుకోవచ్చు. కాగితం తప్పైతే కారే పోవచ్చు. దిగుమతి కార్లకి సుంకం చాలా ఎక్కువ కాబట్టి ఎగ్గొట్టేవాళ్ళూ ఉంటారు. విలువ తక్కువ చూపించి లగ్జరీ కార్లు తెచ్చారన్న ఆరోపణ మీద 2025లో హైదరాబాద్ కి చెందిన ఒక డీలర్ ని డీఆర్ఐ అరెస్ట్ చేసింది. సుంకం ఎగ్గొట్టిన కారు మూడో ఓనర్ దగ్గర ఉన్నా కస్టమ్స్ వాళ్ళు స్వాధీనం చేసుకోగలరు. మామూలుగా దిగుమతి చేసుకున్న కారు అయితే కస్టమ్స్ బిల్లు కాపీ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఢిల్లీ కార్లు చవగ్గా దొరుకుతాయి. అక్కడ డీజిల్ కార్లకి 10 ఏళ్ళు, పెట్రోల్ కార్లకి 15 ఏళ్ళ నిబంధన ఉండటం దానికి ఒక కారణం. కానీ ఇక్కడికి తెచ్చి రిజిస్టర్ చేయాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ కావాలి, కారు వయసుని బట్టి ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపాక చవక ఎంత మిగిలిందో చూడండి.

మన రాష్ట్రం కారైనా ఇవి తప్పవు: ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ తీరిపోతే ఫారం 35, పెండింగ్ ఈ-చలాన్లు. ఇన్సూరెన్స్ ని 14 రోజుల్లోపు మీ పేరు మీదకి మార్చుకోండి. ఆర్సీ మీ పేరున, పాలసీ పాత ఓనర్ పేరున ఉంటే, మీ కారుకి జరిగిన నష్టానికి క్లెయిమ్ రాకపోవచ్చు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అది అతనిదే.

కాబట్టి ఏది కొనాలి?

కొత్తది కొనండి, ఒకవేళ: కారుని ఏడెనిమిదేళ్ళు ఉంచుకుంటారు, రోజూ ఆఫీసుకి అదే వాడతారు, రిపేర్ల కోసం తిరిగే ఓపిక లేదు. ఏళ్ళు పెరిగే కొద్దీ ఆ మొదటి దెబ్బ పలచబడుతుంది.

పాతది కొనండి, ఒకవేళ: ఇంట్లో ఇంకో బండి ఉంది, రిపేర్ డబ్బు విడిగా ఉంది, పూర్తి సర్వీస్ రికార్డు ఉన్న కారు దొరికే వరకు ఆరు నెలలైనా ఆగగలరు. మూడు నుంచి ఐదేళ్ళ మధ్య కారు చూడండి. పెద్ద తరుగుదల అప్పటికే మొదటి ఓనర్ భరించాడు. ఐదేళ్ళు దాటితే జీరో డిప్రిసియేషన్ కవర్ దొరకడం కష్టమవుతుంది.

రెండూ వద్దు, ఒకవేళ: కారు పెట్టుకోవడానికి మీ అపార్ట్‌మెంట్ లో సొంత పార్కింగ్ లేదు. అశోక్ నగర్ గల్లీల్లో రాత్రంతా రోడ్డు మీద ఉండే కారుకి గీతలు, పగిలిన అద్దాలు తప్పవు. దాని ఒక్క అద్దం ఖరీదు ఎంతో ముందు కనుక్కోండి. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ మీద కూడా పరిమితి గంటకి 120 మాత్రమే. నెలకి ఒక ఆదివారం నడపడానికే అయితే ఆ ఒక్క రోజుకి అద్దెకి తీసుకోవడం ఎంతో నయం.

షోరూమ్ కి వెళ్ళే ముందు ఒక పని చేయండి. మీకు నచ్చిన కారుకి నాలుగు టైర్లు, ముందు బ్రేక్ డిస్కులు, ఒక హెడ్‌లైట్, ఈ మూడింటి రేట్లు సర్వీస్ సెంటర్ కి ఫోన్ చేసి రాసుకోండి. మొత్తం కూడి చూడండి. ఆ అంకె చూశాక కూడా రాత్రి నిద్ర పడితే, ఆ కారు మీ బడ్జెట్ లోనే ఉంది.