గోప్యతకు బ్రౌజరు: ఎన్నిక, అమరిక

గత విద్యాసంవత్సరమున ఒక మధ్యాహ్నము మన కళాశాల కంప్యూటరు గదిలో ద్వితీయ సంవత్సర విద్యార్థులకు తెలుగు టైపు చేయు విధానము చూపవలెనని మేము కూర్చుంటిమి. బ్రౌజరు తెరచి ఈమెయిలు పుటకు పోగానే, మేమేమియు వ్రాయకమునుపే, ఎవరిదో ఉత్తరాల పెట్టె తెరచుకొన్నది. స్కాలర్‌షిప్పు దరఖాస్తు, ఆధార్ కార్డు నకలు, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పుట, పాస్‌పోర్టు సైజు ఫోటో, అన్నియు వరుసగా కనబడినవి. అవి మన కళాశాలలోనే చదువుచున్న ఒక అమ్మాయివి. ముందురోజు ఆమె అదే కుర్చీలో కూర్చుండి దరఖాస్తు నింపి, పని ముగియగనే బ్రౌజరు మూసి వెళ్లినది. మేము వెంటనే లాగౌట్ చేసి, ఆమెను పిలిపించి సంగతి చెప్పితిమి. “నేను క్లోజ్ చేసే పోయినాను గద సార్!” అని ఆమె నివ్వెరపోయినది. ఆమె తప్పేమియు లేదు. మూయుట వేరు, లాగౌట్ చేయుట వేరు అని ఆమెకు మాలో ఎవరును చెప్పలేదు.

మేము తెలుగు బోధించువారమే గాని యంత్రవిద్య చదివినవారము కాము. అయినను ఆనాటి నుండి ఈ విషయము పట్టించుకొని, చదివి, తెలిసినవారిని అడిగి, మా ఫోనులోను గదిలోని కంప్యూటర్లలోను చేసి చూచి, గ్రహించిన సంగతులను ఇచట వ్రాయుచున్నాము.

బ్రౌజరు అనగా అంతర్జాలమందలి పుటలను తెచ్చి మన కన్నుల యెదుట నిలుపు సాధనము. కొందరు దీనిని ‘విహారిణి’ అని తెలుగు చేసిరి. మాట అందముగనే ఉన్నది గాని, విహరించునది మనము. అది మన వాహనము మాత్రమే. కావున వాడుకలో నున్న బ్రౌజరు అను మాటనే మేము ఉంచితిమి. 1990లో జెనీవా సమీపమున నున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ మొదటి బ్రౌజరును రచించెను. ఆ తొలి దినములలో అంతర్జాలమునకు జ్ఞాపకశక్తి లేదు. ఒక పుటను అడిగిన మనిషియే మరల రెండవ పుటను అడిగినను, అవతలి యంత్రమునకు ఇద్దరును క్రొత్తవారే. దుకాణములో ఒక వస్తువు ఎన్నుకొని ప్రక్క గదికి పోగానే దుకాణదారుడు మనలను మరచిపోయినట్లుండెడిది. ఈ చిక్కు తీర్చుటకై 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయు లూ మోంటుల్లీ అను ఇంజనీరు ‘కుకీ’ని కనిపెట్టెను. కుకీ అనగానే మనకు ఇరానీ హోటలులోని ఉస్మానియా బిస్కట్టు జ్ఞప్తికి వచ్చును గాని, ఇది కేవలము ఒక చిన్న చీటీ. దుకాణదారుడు దానిపై ఒక సంఖ్య వ్రాసి మన జేబులో ఉంచును. మరల వచ్చినపుడు ఆ చీటీ చూచి గుర్తుపట్టును. ఆ విద్యార్థిని పెట్టె మాకు తెరచుకొన్నది ఇట్టి చీటీ వలననే. ఆమె వెళ్లినది గాని చీటీ కుర్చీ మీదనే ఉండిపోయినది.

ఇంతవరకు కుకీలో దోషము లేదు. దోషము మూడవవాని చీటీతో మొదలైనది. మనము వార్తాపత్రిక పుట తెరచినపుడు అందులో ప్రకటన ఒకటి ఉండును. ఆ ప్రకటన పత్రికవారిది కాదు, వేరొక సంస్థది. ఆ సంస్థయు తన చీటీని మన జేబులో వేయును. పిమ్మట మనము వైద్యమును గూర్చిన పుట తెరచినను, బట్టల దుకాణము చూచినను, ఉద్యోగ ప్రకటన వెదకినను, అచటను అదే సంస్థ ప్రకటన ఉన్నచో తన చీటీని తాను చదువుకొనును. బజారులో ప్రతి దుకాణమునందును ఒకే మనిషి మూలన కూర్చుండి, ఎవరు వచ్చిరి, ఏమి అడిగిరి అని చిట్టా వ్రాయుచున్నట్లు ఊహింపుడు. అతనికి మన పేరు తెలియనక్కరలేదు. మన రోగము, మన అప్పు, మన ఆశ తెలిసిన చాలును.

బ్రౌజరును ఎన్నుకొనుట అనగా ఈ మూలన కూర్చున్నవానిని లోనికి రానిచ్చు ద్వారపాలకుడు కావలెనా, ఆపువాడు కావలెనా అని నిర్ణయించుకొనుటయే. ఆపిల్ వారి సఫారీ 2020 నుండి మూడవవారి కుకీలనన్నింటిని తానుగా ఆపుచున్నది. ఫైర్‌ఫాక్స్ 2022 నుండి ప్రతి దుకాణమునకు వేరు వేరు జేబు కుట్టి, ఒకచోటి చీటీ మరియొకచోట చదువబడకుండ చేసినది. గూగుల్ వారి క్రోమ్ సంగతి వేరు. రెండు సంవత్సరములలో ఈ కుకీలను తొలగింతుమని వారు 2020 జనవరిలో ప్రకటించిరి. మాటిమాటికి వాయిదా వేసిరి. 2024 జూలైలో ఆ సంకల్పమునే విడిచిరి. ఆ సంస్థ ఆదాయములో అధికభాగము ప్రకటనల వలన వచ్చునదని తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యము లేదు. క్రోమ్ దుర్బలమైన బ్రౌజరు అని మా అభిప్రాయము కాదు. దొంగల దాడి నుండి రక్షణలోను, లోపములను త్వరగా సరిదిద్దుటలోను అది మేటియే. అయితే భద్రత వేరు, గోప్యత వేరు. తలుపు గట్టిదైనను, కావలివాడు మన రాకపోకల లెక్క యజమానికి చెప్పవచ్చును గదా!

కావున మా సలహా యిది. నిత్యము చదువుకొనుటకు, వెదకుటకు ఫైర్‌ఫాక్స్ వాడుడు. దీనిని తెలుగువారిలో కొందరు ముచ్చటగా ‘మంటనక్క’ అందురు. నిజమునకు ఆ పేరు నక్కది కాదు, హిమాలయ ప్రాంతమున నుండు ఎఱ్ఱ పాండా అను జంతువునకు మారుపేరు. సెట్టింగులన్నియు తెలుగులోనే కనబడునట్లు దీనిని అమర్చుకొనవచ్చును. ఆంగ్లమనగా బెదరు విద్యార్థులకు అది చిన్న మేలు కాదు. దీనికి ‘యూబ్లాక్ ఆరిజిన్’ అను ఉచితమైన తోడు పరికరమును జతచేసినచో ప్రకటనలును, వానితో వచ్చు గూఢచారులును చాలవరకు ఆగును. మీలో అనేకులకు ఫోనే కంప్యూటరు. ఆండ్రాయిడ్ ఫోనులోని ఫైర్‌ఫాక్స్‌లోను ఈ తోడు పనిచేయును, ఫోనులోని క్రోమ్‌లో చేయదు. ప్రకటనలు దిగవు గనుక డేటాయు కొంత మిగులును. ఇది రుచింపనివారు బ్రేవ్ వాడవచ్చును. అది క్రోమ్ పునాది మీదనే కట్టినదైనను ప్రకటనలను తానే ఆపును. ఏదైన ప్రభుత్వ పుటయో, ఫీజు కట్టు పుటయో క్రోమ్ తప్ప మరి దేనిని ఒప్పనిచో, ఆ ఒక్క పనికి క్రోమ్ తెరచుటలో తప్పులేదు. టోర్ అను బ్రౌజరు ఒకటి కలదు. మన చిరునామానే దాచునది, పాత్రికేయులకు ఉపయోగపడునది. అది నెమ్మదిగా సాగును. పైగా దానిలో మన పేరుతో లాగిన్ అయినచో దాచినదంతయు వ్యర్థము. మనకు నిత్యము దాని అవసరము లేదు.

పేరు తెలియని బ్రౌజరులను మాత్రము దింపుకొనరాదు. యూసీ బ్రౌజరు మన దేశమున ఒకప్పుడు ఎంత ప్రచారములో నుండెనో మీకు తెలియును. అది వాడుకదారులు వెదకిన మాటలను సరియైన రక్షణ లేకుండ పంపుచున్నదని 2015లో టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు వెల్లడించిరి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో అదియు ఒకటి.

ఇక అమరిక. ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో గోప్యత, భద్రత అను భాగమునకు పోయి ‘స్ట్రిక్ట్’ అను దానిని ఎన్నుకొనుడు. దీనివలన ఒకానొక పుట సరిగా తెరచుకొనకపోవచ్చును. అపుడు చిరునామా ప్రక్కనున్న డాలు గుర్తును నొక్కి ఆ పుటకు మాత్రము సడలింపవచ్చును. అచటనే క్రిందుగా ‘హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ’ అను అమరిక కలదు, దానిని కూడ వేయుడు. దీని అర్థము తెలియుటకు ఉత్తరములను తలచుకొనుడు. పాత హెచ్‌టీటీపీ పోస్టుకార్డు వంటిది. దారిలో ఎవరైనను చదువవచ్చును. హెచ్‌టీటీపీఎస్ అంటించిన కవరు వంటిది. కవరు ఎవరికి పోవుచున్నదో పోస్టుమానుకు తెలియును గాని లోపల ఏమున్నదో తెలియదు. అయితే ఒక్క మాట. కవరు అంటించియున్నంత మాత్రమున దానిని అందుకొనువాడు నిజాయితీపరుడని కాదు. కవర్లు దొంగలకును దొరకును. తాళము గుర్తు చూచి నమ్మి మోసపోయినవారు లెక్కలేనంతమంది. క్రోమ్ వారు 2023లో ఆ తాళము గుర్తునే తీసివేయుటకు ఇదియే కారణము.

మరి నిజమైన పుటను గుర్తించుట ఎట్లు? మన కళాశాల విద్యార్థులకు ఇతరులకు లేని సౌకర్యమొకటి ఇచట కలదు. చిరునామాను ఎడమ నుండి కాక, ఉర్దూ వలె కుడి నుండి ఎడమకు చదువవలెను! ఆరంభమందలి జంట గీతలను విడిచి, ఆ తరువాత వచ్చు మొదటి ఏటవాలు గీత వద్ద వ్రేలు పెట్టుడు. దానికి కుడివైపున నున్నదానిని పట్టించుకొనవలదు. అచట నుండి ఎడమకు చదువుకొనుచు పొండు. జాతీయ స్కాలర్‌షిప్పుల పుట చిరునామా ‘స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్’. కుడి నుండి చదివినచో మొదట ఇన్, పిమ్మట గవ్, అనగా భారత ప్రభుత్వము, ఆ పిమ్మట స్కాలర్‌షిప్స్. మోసగాడు ‘స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్’ అని మొదలుపెట్టి, చివర ఏదో పేరు తగిలించి, ‘డాట్ కామ్’ అని ముగించును. ఎడమ నుండి చదువు కన్నుకు అది ప్రభుత్వముదే. కుడి నుండి చదివిన మరుక్షణమే దాని యజమాని డాట్ కామ్ వాడని బయటపడును. ఫోనులో చిరునామా పూర్తిగా కనబడదు గనుక దానిపై వ్రేలు నొక్కి సాంతము చూడవలెను. మేము దీనిని ఉర్దూ విభాగపు మిత్రులకు చెప్పగా, మా లిపి చివరకు ఇట్లు పనికివచ్చినదా అని నవ్విరి.

గోప్య కిటికీ అనబడు ‘ఇన్‌కాగ్నిటో’ను గూర్చి విద్యార్థులలో పెద్ద భ్రమ కలదు. అందులో చూచినది ఎవరికిని తెలియదని తలతురు. అది చేయు పని ఒక్కటే: మూసిన పిమ్మట మన కంప్యూటరులో చరిత్రను, కుకీలను చెరిపివేయును. మనము దర్శించిన పుటకు, అంతర్జాలము ఇచ్చు కంపెనీకి, కళాశాల వైఫై నడుపువారికి మన రాక తెలియుచునే ఉండును. ఈ విషయమై అమెరికాలో 2020లో గూగుల్ పై వ్యాజ్యము పడగా, 2024లో రాజీ కుదిరి, అట్లు సేకరించిన సమాచారమును నాశనము చేయుటకు ఆ సంస్థ ఒప్పుకొన్నది. అయినను నెట్ సెంటరులో ఈ కిటికీ చాల మేలు. ఆ విద్యార్థిని గోప్య కిటికీలో దరఖాస్తు నింపి, గోప్య కిటికీలన్నియు మూసియున్నచో మాకు ఆమె పెట్టె తెరచుకొనెడిది కాదు. కాని దింపుకొన్న ఫైళ్లు మాత్రము డౌన్‌లోడ్స్‌లో అట్లే మిగులును. వానిని చేతితో తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడ ఖాళీ చేయవలెను.

పరుల కంప్యూటరులో పాస్‌వర్డు దాచవలెనా అని బ్రౌజరు అడిగినపుడు వద్దనుడు. ఇంతకంటె ప్రమాదకరమైనది బ్రౌజరుకే మన ఖాతాతో సైన్ ఇన్ అగుట. అపుడు సింక్ జరిగినచో మన ఇంటి ఫోనులో దాచిన పాస్‌వర్డులన్నియు ఆ నెట్ సెంటరు కంప్యూటరులోనికి దిగివచ్చును. క్రోమ్ మాత్రమే ఉన్నచోట ‘గెస్ట్’గా తెరచిన ఈ ప్రమాదము తప్పును. నోటిఫికేషన్లు పంపుటకు అనుమతి కోరు పుటలకు ఎల్లప్పుడు నిరాకరింపుడు. ఫోనులో లాటరీ, ఉద్యోగము అని వచ్చు సందేశములు అనేకము ఇట్టి ఒక్క అజాగ్రత్త నొక్కు వలన మొదలైనవే. తోడు పరికరములు ఒకటి రెండు మించరాదు. ప్రతి పుటను చదువుటకు మనమే వానికి అనుమతి ఇచ్చుచున్నాము.

ఇన్నియు చేసినను పూర్తిగా మరుగు దొరకదు. కుకీ లేకున్నను, తెర కొలత, అక్షరరూపములు, కాలమండలము మొదలగువానిని కలిపి బ్రౌజరును గుర్తుపట్టవచ్చును. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పరీక్షించిన బ్రౌజరులలో 83.6 శాతము ఒకదానితో నొకటి కలియని ముద్ర కలవి. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్ దీనిని కొంత తగ్గించును. ఆ మిగిలినదానికి చట్టము కావలెను. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. డబ్బు పోయినవారు మాత్రము సిగ్గుపడి ఆలస్యము చేయక వెంటనే 1930కి ఫోను చేయవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన గదిలోని కంప్యూటర్లలో సగము ఇంకను విండోస్ 7 మీద నడచుచున్నవి. వానిలోని క్రోమ్ 109వ కూర్పు వద్దనే ఆగిపోయినది. 2023 నుండి దానికి మరమ్మతు లేదు. పైన వ్రాసిన అమరికలన్నియు చేసినను, పగిలిన గోడకు రంగు వేసినట్లే. క్రొత్త యంత్రములు కొనుమని మేము అడుగుటలేదు. నిధుల సంగతి ఎరుగుదుము. పాత యంత్రములలో ఉచితముగ దొరకు లినక్స్ వేసి, అందులో ఫైర్‌ఫాక్స్ నిలిపి, మూసిన ప్రతిసారి కుకీలు తుడిచివేయునట్లు అమర్చిన చాలును. అపుడు ఆ అమ్మాయి అనుకొన్నట్లు, మూయుటయే లాగౌట్ అగును. ఒక యంత్రమున మేము చేసి చూచితిమి, స్కాలర్‌షిప్పు పుటలు చక్కగా తెరచుకొన్నవి. తక్కినవానికి రెండు ఆదివారములు పట్టును. తృతీయ సంవత్సర విద్యార్థులు నలుగురు వత్తుమనిరి. గది తాళపుచెవి ఇప్పించిన చాలును.