జాడ తీయుట: అర్థములు, ఉపయోగములు



'ట్రాకింగ్' అను మాట ఇప్పుడు పల్లెలలోను వినబడుచున్నది. అటవీ సిబ్బంది, పశువైద్యుడు, వ్యవసాయాధికారి ముగ్గురును దీనిని వాడుదురు గాని అర్థము మాత్రము ఒకటి కాదు. మన మాటలో ఇది 'జాడ తీయుట'. ఏ జాడయో, ఎందులకో తెలిసిననే ప్రయోజనము.

1. అడుగు జాడ: 1980 తరువాతి సంవత్సరములలో తమిళనాడు, కర్ణాటక అడవులనుండి ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. రామసముద్రం, పుంగనూరు రైతులు కూడ ఈ జాడను గుర్తించుట నేర్వవలెను. ఏనుగు ముందుకాలి గుర్తు గుండ్రముగను, వెనుకకాలిది కోలగను ఉండును. ముందుకాలి గుర్తు చుట్టుకొలతకు సుమారు రెండింతలు ఏనుగు భుజము ఎత్తు. చుట్టుకొలత 4 అడుగులైనచో ఎత్తు సుమారు 8 అడుగులు. పెద్ద గుర్తుల నడుమ చిన్నవి ఉన్నచో మందలో పిల్ల ఉన్నదని గ్రహింపుడు. పిల్లతల్లి మిక్కిలి ప్రమాదకరము. గుర్తుపై వానచినుకుల గుంటలున్నచో ఏనుగు వానకు ముందే పోయినది. అంచులు చెదరక, లద్దె తడిగా, వెచ్చగా ఉన్నచో అది చేరువలోనే ఉండవచ్చును. వెంటనే వెనుకకు మరలుడు.

2. పశువు జాడ: పశువు చెవికి వేయు పచ్చబిళ్లపై 12 అంకెల సంఖ్య యుండును. టీకాలు, చూలు, ఈత వివరములు ఆ సంఖ్యతో నమోదగును. పశువును అమ్మునప్పుడు యజమాని పేరు మార్పించుడు.

3. పురుగు జాడ: టమాటలో కాయతొలుచు పురుగు ఉనికి తెలియుటకు ఎకరమునకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టుడు. ప్రతి ఉదయము పడిన రెక్కల పురుగులను లెక్కించి వ్రాసికొనుడు. వీనిలో మగవే పడును. కనుక బుట్ట పెట్టితిమని నిశ్చింతగా ఉండరాదు. లెక్క పెరిగినచో ఆకులపై గ్రుడ్లను, కాయలపై రంధ్రములను వెదకుడు. ఒక పురుగు ఎర మరియొక పురుగునకు పనికిరాదు.

ముఖ్య హెచ్చరిక: జాడ చూచుట వేరు, వెంబడించుట వేరు. ఏనుగును వెంబడించుట శిక్షణ పొందిన అటవీ సిబ్బంది పని. రాత్రివేళ టార్చిలైటుతో వెంటపడిన, పంటతోపాటు ప్రాణమునకును ముప్పు. కంచెకు కరెంటు పెట్టుట నేరము. ఆ తీగ ఏనుగునే కాదు, తెల్లవారుజామున నీరు కట్టవచ్చిన మీ బిడ్డనైనను చంపును.

పంట నష్టమైనచో జాడను చెరిపివేయక ఫోటో తీసి, అటవీశాఖకు తెలియజేయుడు. అధికారులు చూచువరకు చేను దున్నకుడు. పరిహారము కోరునప్పుడు ఆ జాడయే మీ సాక్షి.